ఒడ్డు మీద కూర్చున్న రోజులు

భూపాలపల్లి,
12 జనవరి 2025

ప్రియమైన లతకు,

కల్యాణ్ రాస్తున్నది. బూడిద లారీ తోలే శ్యాం రేపు మన తండా మీదుగా పోతున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెడుతుంది, నా మాట పక్కింటి దాకా పోతుంది. ఇంట్లో మాట్లాడే మన లంబాడీని కాగితం మీద పెట్టడం మనిద్దరికీ రాదు కాబట్టి బడి తెలుగులో రాస్తున్నా. చదివి నవ్వకు.

జనగామలో వజ్రజీత్ అని కొత్త ట్రాక్టర్ షోరూం పెట్టారు. వంకాయ రంగు బండి, నువ్వు చూసే ఉంటావు. పెద్ద కంపెనీల బండ్ల కంటే బాగా చవక. మనం ఈ నాలుగేళ్లలో వెనకేసిన దానితో ఈ జూన్‌కే ఇంటి ముందు నిలబెట్టొచ్చు. అప్పుడు నేను ఈ గనిలో టిప్పర్ తోలడం మానేసి, తండాలో కిరాయికి దున్నుకుంటూ మీ దగ్గరే ఉంటా. పెద్ద కంపెనీ బండే కావాలంటే ఇంకో రెండేళ్లు ఇక్కడే.

బండి నమ్మదగిందా, పాడైతే డీలర్ పట్టించుకుంటాడా, అది తేలాలి. నాకు దొరికే రెండు రోజుల సెలవులో తేలే పని కాదు. నువ్వు చూసి చెప్పు. నువ్వు మంచిదంటే కొందాం, కాదంటే ఆగుదాం.

కీర్తనకు ముద్దులు.

నీ
కల్యాణ్


తండా, దంతాలపల్లి మండలం,
27 జనవరి 2025

కీర్తన బాపుకు,

లత రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. అత్తకు మోకాలు నొప్పి తగ్గింది. మా గురించి బెంగ పెట్టుకోకు.

జాల్యా మామను తోడు తీసుకుని జనగామ పోయి వచ్చాను. షోరూంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చల్లటి సీసా చేతికిచ్చి, చెప్పేదంతా మామకే చెప్పారు. మామ జీవితంలో సైకిల్ కూడా తొక్కలేదని వాళ్లకేం తెలుసు. నేను మధ్యలో దూరి, "బండి ఆగితే ఎన్ని రోజులకు వస్తరు?" అని అడిగాను. "ఒక్క ఫోన్ కొట్టండమ్మా, తెల్లారేసరికి మా మెకానిక్ మీ పొలంల ఉంటడు" అన్నాడు సేల్స్ పిల్లగాడు. సర్వీస్ సెంటర్ మహబూబాబాద్‌లో ఉందట.

వాళ్ల మాట అలా ఉంచు. కొన్నవాళ్లను అడిగినా లాభం లేదు. ఎవడూ తన బండి చెడ్డదని చెప్పడు, పరువు పోతుంది. నిజం నాటేసే ఆడవాళ్లకే తెలుస్తుంది. నాటుకు ముందు నీళ్ల మడిలో కరిగెట దున్నుతూ ట్రాక్టర్ ఆగిపోతే నారు కట్టలు ముందర పెట్టుకుని మడి ఒడ్డు మీద కూర్చునేది మేమే. కూర్చున్న రోజుకు కూలి ఉండదు కాబట్టి ఆ లెక్క మాకు బాగా గుర్తుంటుంది. ఏ ఊళ్లో ఏ బండికి ఎన్ని రోజులు కూర్చున్నారో మా నాటు కూలీల ముఠాల వాళ్లను అడుగుతా. బయ్యారం దగ్గర గట్టమ్మ ముఠా ఉంది, ఆమె అబద్ధం ఆడదు.

నీకోసం అటుకులు, మిరప్పొడి శ్యాం చేతికి ఇచ్చాను.

ఇట్లు
లత


భూపాలపల్లి,
28 ఫిబ్రవరి 2025

ప్రియమైన లతకు,

నెల దాటింది. శ్యాం మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఉత్త చేతులే. "వదిన నాట్ల పనిల ఉన్నదన్నా" అంటాడు. నాట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయని నాకు తెలియదా?

ఇక్కడ రోజంతా ఒకచోట మట్టి నింపుకుని ఇంకోచోట పోస్తున్నా. పోసిన గుట్ట ఊరంత అయింది. చేసిన పని కళ్లకు కనబడుతుంది, కానీ అందులో ఒక్క గింజ మొలవదు. మొన్న బ్రేక్ తొక్కి దిగుతుంటే తడిసిన మట్టి వాసన వచ్చింది. మన మడి గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడ్డా. వెనక బండివాడు హారన్ కొట్టి తిట్టాడు.

మంచో చెడ్డో, ఏదో ఒకటి రాయి.

నీ
కల్యాణ్


తండా,
5 మార్చి 2025

కీర్తన బాపుకు,

ఆలస్యమైంది, కోపం వద్దు.

అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను. బండి మంచిదే. మహబూబాబాద్ వాళ్లు పిలిస్తే వస్తున్నారట. ఒడ్డు మీద ఎవరూ ఎక్కువ రోజులు కూర్చోలేదు.

ఇంక ఆలోచించకు. వచ్చేయి.

లత


భూపాలపల్లి,
12 మార్చి 2025

ప్రియమైన లతకు,

నీ ఉత్తరం చిన్నదే అయినా నాలుగుసార్లు చదివా. చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నా, చెమటకు మడతలు నానిపోయాయి.

ఒకటో తారీఖున సూపర్‌వైజర్‌కు చెప్పేస్తా, పని మానేస్తున్నానని. ఆ వారంలోనే ఇద్దరం కలిసి జనగామ పోదాం. ఈసారి జాల్యా మామ బదులు నేను వస్తా, చల్లటి సీసా పట్టుకుని కుర్చీలో కూర్చుంటా, వాళ్లతో మాట్లాడేది మాత్రం నువ్వే.

బయ్యారం గట్టమ్మ ఏమన్నదో రాయలేదు. మరిచిపోయి ఉంటావు. వచ్చాక చెబుదువులే.

నీ
కల్యాణ్


తండా,
19 మార్చి 2025

కీర్తన బాపుకు,

ఈ ఉత్తరం ఒకటో తారీఖు లోపల నీకు అందాలి. దారిలో ఎక్కడా ఆగకుండా నీ చేతిలో పెట్టాలని శ్యాంతో ఒట్టు వేయించుకున్నా. ఫోన్ చేయాలని చూశాను, కానీ అత్త ముందర ఈ మాట నోటికి రాలేదు.

నేను నీకు అబద్ధం రాశాను. గట్టమ్మను నేను ఫిబ్రవరి మొదట్లోనే కలిశాను. వాళ్ల ఊళ్లో మాన్‌సింగ్ అనే ఆయనకు ఈ వంకాయ రంగు బండి ఉంది. ఆయన్ను అడిగితే "నంబర్ వన్ బండి చెల్లె, కండ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. గట్టమ్మను అడిగితే నెత్తి కొట్టుకుంది. "సగం మడి దున్నినంక లిఫ్టు పంపు పోయింది. పన్నెండు మందిమి మూడు రోజులు ఒడ్డు మీద కూసున్నం. నాలుగో రోజు ఇంకో ఊరికి నాటుకు పోయినం. తొమ్మిది రోజులకు సామాను వచ్చింది, అప్పటికి నారంత ముదిరింది" అన్నది. మిగతా ఊళ్లలోనూ కొంచెం అటూ ఇటుగా అదే మాట.

నేను అంతటితో ఊరుకోలేదు. మహబూబాబాద్ పోయాను. సర్వీస్ సెంటర్ అంటే ఒక బోర్డు, దాని కింద శామ్యూల్ అనే ఒక్క మెకానిక్. పాపం మంచి మనిషి. "నేనొక్కన్నే చెల్లె. జనగామ కాడికెల్లి బయ్యారం దాకా ఎవరి బండి ఆగినా నేనే పోవాలె. సామానేమో కంపెనీ పంపితెనే. బండిని అనొద్దు, బండి మంచిదే. పిలిస్తే పలికే దిక్కే లేదు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు నువ్వు గుర్తొచ్చావు, మంచోడివే కానీ పిలిస్తే పలికేంత దగ్గర లేవు. తప్పుగా అనుకోకు.

ఇంటికి వచ్చి నెల రోజులు ఏమీ రాయలేకపోయాను. నిజం రాస్తే రెండేళ్లు నువ్వు రావు. ఆ రెండేళ్లను నా చేత్తో నేనే రాసి పంపాలా అనిపించింది. నీ చొక్కా ఒకటి పెట్టెలో ఉంది కదా, మురికి కాకపోయినా దాన్ని వారానికోసారి ఉతుకుతున్నా. తీగ మీద నీ చొక్కా కనబడాలని. నువ్వు మడి వాసన గురించి రాసిన ఉత్తరం వచ్చిన రోజు ఇంక ఓపిక పట్టలేక అబద్ధం రాసి పడేశాను.

కానీ జూన్‌లో బండి ఆగిపోయి నువ్వు తలవంచుకుని కూర్చుంటే, మళ్లీ వెతుక్కుంటూ ఆ గనికే పోవాల్సి వస్తే, అది రెండేళ్లతో పోదు. సూపర్‌వైజర్‌కు చెప్పకు. ఆ బండి వద్దు. తిట్టాలనిపిస్తే తిట్టు.

లత


భూపాలపల్లి,
27 మార్చి 2025

నా లతకు,

ఉత్తరం అందింది. సూపర్‌వైజర్‌కు చెప్పలేదు, బండి కొనడం లేదు. ముందు ఆ పరేషాన్ వదిలేయి.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టాలి. ఆ బండి సంగతి నాకు జనవరిలోనే తెలుసు. ఇక్కడ నా పక్క మంచం జనగామ రాములుది. ఆయనా ఆ బండే కొన్నాడు. మొదటి కరిగెటలోనే పదకొండు రోజులు ఆగిపోయింది. ఒప్పుకున్న పొలాలన్నీ చేజారాయి, బండిని వచ్చినకాడికి అమ్మేసి ఇక్కడ టిప్పర్ ఎక్కాడు. "తమ్మీ, నన్ను సూడు, ఇంకెవల్నీ అడగకు" అని ఇక్కడికి వచ్చిన మొదటి రోజే నాకు చెప్పాడు.

మరి నిన్ను ఎందుకు తిప్పానంటావు. ఒకరి బండి ఆగితే అందరివీ ఆగుతాయా అని కొంత ఆశ. అది సగమే. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతా. నేను ఇల్లు వదిలి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఫోన్‌లో గానీ, ఇంటికి వచ్చి తిరిగి బయలుదేరేటప్పుడు గానీ, నువ్వు ఒక్కసారి కూడా ఉండిపొమ్మనలేదు. "మేం బాగున్నాం, మా గురించి బెంగ పెట్టుకోకు" అనే అంటావు. నన్ను బాధపెట్టకూడదని అంటావని తెలుసు. కానీ వింటూ వింటూ, నేను లేకపోయినా ఆ ఇల్లు నడుస్తుందనే భయం పట్టుకుంది. బండి వంక పెట్టి అడిగితే, రమ్మంటావో ఉండమంటావో తెలుస్తుందనుకున్నా.

ఐదో తారీఖు ఉత్తరం చూడగానే నువ్వు రాసింది అబద్ధమని తెలిసింది. పక్కన రాములు గురక పెడుతుంటే ఆ అబద్ధం చదువుకుంటూ కూర్చున్నా. అంత సంతోషం నాకు మన పెళ్లినాడు కూడా లేదు. తెలిసి తెలిసి ఆ బండి కొనడానికే సిద్ధమయ్యా. ఒకటో తారీఖున నిజంగానే చెప్పేసేవాణ్ణి. నీ నిజం వచ్చి ఆపింది. నాకంటే నీకే ధైర్యం ఎక్కువ. నిన్ను ఎండలో ఊరూరా తిప్పినందుకు, ఒంటరిగా ఆ అబద్ధం మోయించినందుకు క్షమించు.

రెండేళ్లు ఆగుదాం. మంచి బండే కొందాం, ఏ ఊరి ఆడవాళ్లూ దాని కోసం ఒడ్డు మీద కూర్చోకూడదు. కానీ ఒక్కటి అడుగుతా, కాదనకు. ఇక నుంచి బాగున్నామని రాయకు. ప్రతి ఉత్తరంలో వచ్చేయి అని రాయి. నేను రాలేనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా రాయి.

నీ
కల్యాణ్