సిగరెట్టు ముట్టరు, నిజమే

దిండి, 2006

పళ్ళ డాక్టరుగారికి నమస్కారాలు.

వచ్చే సోమవారం మావారి దవడ ఎముకలో స్క్రూలు దింపి పళ్ళు బిగిస్తానన్నారు. అప్పట్నుంచీ నాకు కుదురు లేదండి. ఈ ఉత్తరం కూడా ఒకసారి రాసి చింపేసేను.

“సిగరెట్టు తాగుతారా?” అని మీరడిగితే ఆయన లేదన్నారు. పక్కనున్న నేనూ “ముట్టరండి” అన్నాను. అబద్ధం కాదండి. ఆయన తాగేది చుట్ట. మా వైపు దాన్నెవరూ పొగతాగడం కింద జమకట్టరు. బయటికొచ్చేక మీ నర్సమ్మ ఎవరికో చెబుతోంది, పొగ తాగితే ఎముక స్క్రూని సరిగ్గా పట్టదని. చుట్టదీ పొగే కదండీ.

అన్నం నమలడానికి కదలని పళ్ళు కావాలని మీతో అన్నారు కదా. అసలు సంగతి వేరండి. పడవ నడిపేటప్పుడు రెండు చేతులూ గడ మీదే ఉంటాయి, చుట్ట పళ్ళే పట్టుకోవాలి. తీసి పెట్టుకునే సెట్టయితే జారుతుందని ఆయన భయం.

మీరే నోరు చూసి కనిపెట్టినట్టు అడగండి. నా పేరెత్తకండి. చుట్ట మానితేనే పళ్ళని గట్టిగా చెప్పండి. ఆయన “ఆయ్, అలాగేనండి” అనేసి వచ్చేస్తారు. మిగతాది నాకొదిలెయ్యండి.

ఆ చుట్టలు రోజూ చుట్టిచ్చేది నేనేనండి.