రెండో గోల్‌కీపర్

శివలీలక్కా,

ఎడమచేత్తో రాస్తాండా, అక్షరాలు వంకర పోతే సర్దుకొని చదువుకో. ఫోన్ చేద్దామంటే నీ పక్కన నాయన ఉంటాడని భయం.

ఇన్నేండ్లూ ఈ కలకత్తా క్లబ్బులో నేను రెండో గోల్‌కీపర్‌నే కదా, బెంచీ మీద కూర్చోవడమే నా పని. మొన్న ఆదివారం మొదటి కీపర్ మోకాలు పట్టుకొని పడిపోయినాడు. కోచ్ నా పక్క తిరిగి, "లే, నువ్వే పో" అన్నాడు. అప్పటికి మేం ఒక గోలు ముందుండాము. ఆఖర్లో వాళ్లకు పెనాల్టీ ఇచ్చినారు. కుడిపక్కకు దూకి బంతిని కుడిచేత్తో బయటికి కొట్టేసినా. అప్పుడే వేళ్లు విరిగినాయి. నన్ను మార్చడానికి ఇంకో మనిషి లేడు. ఆ చేత్తోనే ఆట అయ్యేదాకా నిలబడినా. తర్వాత గ్లౌజు కత్తిరించి తీసినారు.

ఈ చెయ్యి ఇంక పూర్తిగా ముడుచుకోదని డాక్టరు చెప్పినాడు. క్లబ్బువాళ్లు మర్యాదగానే మాట్లాడినారు. "ఇంటికి పోయి విశ్రాంతి తీసుకో" అన్నారు. మళ్లా ఎప్పుడు రావాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోపమేం లేదక్కా, శానా అలసటగా ఉండాది. "ఎప్పుడొచ్చినా నీ మగ్గం నీకుంటాది" అని నాయన అంటాంటాడు కదా. ఈ చెయ్యి మగ్గం మీద పోగుల మధ్య నాడె విసరడానికీ పనికిరాదని ఆయనకు నువ్వే మెల్లగా చెప్పు. ఆ మాట చెప్పడం నాతో కాదు.

బేస్తవారం ఎమ్మిగనూరులో దిగుతా. కొన్ని దినాలు నన్ను పండుకోనీ. ఎవురన్నా వచ్చి అడిగితే, గెలిచినామని చెప్పు.

నీ తమ్ముడు