బఠానీలు ఒలిచిన అత్తమ్మ

సుజాతా,

ఆ చివరి రోజు పొద్దున ఛాతీలో మంటగా ఉందన్నావు. షిఫ్టు అయ్యాక దవాఖానాకు వెళ్దామన్నాను. నాచారం ఫ్యాక్టరీ నుంచి నేను వచ్చేసరికి నీ ప్రాణం పోయింది.

నేనే ఆలస్యం చేశానని మీ అమ్మ కోపం. నేనూ కాదనలేదు. మనింట్లోనే ఉంటూ కూడా, ఏం కావాలన్నా నా మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పేది.

నీ సంవత్సరీకం అయ్యాక, నీ చెల్లెలు లత అమెరికా రమ్మంటే నేనూ అత్తమ్మా వెళ్ళాం. ముందు గెట్టిస్‌బర్గ్‌లో పాత యుద్ధం జరిగిన మైదానం చూపించింది. అత్తమ్మ కారు దిగలేదు. మర్నాడు ఆమిష్ వాళ్ళ పొలాల మీదుగా వెళ్ళాం. వాళ్ళు ఇళ్ళకు కరెంటు పెట్టుకోరు, గుర్రపుబండ్లలో తిరుగుతారు. కూరగాయల కోసం ఒక ఇంటి ముందు ఆగాం. అరుగు మీద ఒక పెద్దావిడ బఠానీలు ఒలుస్తోంది. నేను ఆపేలోపే అత్తమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"గిన్ని కాయలు ఒక్కదానివే ఎప్పుడు ఒలుస్తవమ్మా?"

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వి, బుట్ట మధ్యకు జరిపింది. నేను ఆవిడను క్షమించమని అడగబోతుంటే అత్తమ్మ నా వైపు తలెత్తింది.

"సూస్తవేంది అల్లుడా? నువ్వు గూడ కూసో. చేతులేం అరిగిపోవు."

లత కూరగాయలు ఏరుకుంటుంటే, బుట్ట ఖాళీ అయ్యేదాకా మేం ముగ్గురం ఒలిచాం. నువ్వు పోయాక మొదటిసారి ఆ మధ్యాహ్నం నాకు బాగా ఆకలేసింది, సుజాతా.

నిన్న ఇంటికి తిరిగొచ్చాం. ఇవాళ టీ తాగుతూ అత్తమ్మ అంది: "కండ్లు మసక కొడ్తున్నయ్ అల్లుడా. దవాఖానకు నువ్వే తోల్కపో."

రేపు పొద్దున సెలవు పెట్టి ఆమెను ఉప్పల్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. వాళ్ళు దవాఖానా తలుపు తీసే వేళకే అక్కడుంటాం.