సంతకం లేని అర్జీ

తమ్ముడూ దేవదానం,

ఎలా ఉన్నావని అడగాలో లేదో తెలియదు. అడగకుండా ఉండలేను. నువ్వు పోయి ఏడు నెలలైంది.

ఆ ఆదివారం పొద్దున ఇంకా కళ్ళముందే ఉంది. నేను చర్చికని తెల్లచీర కట్టుకుంటున్నాను. నీ భార్య సుగుణ జొన్నరొట్టెలు తడుతోంది. పిల్లలు మొదటి రొట్టె కోసం పోట్లాడుకుంటున్నారు. నువ్వు అరుగు మీద అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నావు. కలెక్టరు కచేరీ ముందు కూర్చుని ఊరందరికీ అర్జీలు రాసినవాడివి... ఆ రోజు మన వీధి కోసం రాశావు.

కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్ళూ మన వీధి మొగలో పోలీసు అవుట్‌పోస్టు ఉండేది. రాజధాని హైదరాబాదుకు తరలగానే దాన్ని ఎత్తేశారు. "రాజధాని పోతాపోతా పోలీసోళ్లను గూడా మూటగట్టుకొని పోయినాదక్కా!" అని నవ్వావు. మద్యనిషేధం ఉన్న ఊళ్ళోనే మన వీధి వెనక సారా కొట్టం లేచింది. తర్వాత దొంగతనాలు, కత్తులు. ఆ కొట్టం వాడు మన వార్డు కౌన్సిలరు మనిషి. ఎన్నికలప్పుడు జనాన్ని తోలేది వాడే. స్టేషనుకు ఇవన్నీ తెలియవా?

కొట్టం ఎత్తించి అవుట్‌పోస్టు మళ్ళీ పెట్టమని రాసిన ఆ అర్జీ కింద సంతకం పెట్టలేదు నువ్వు. ఆకాశరామన్న అర్జీ. నన్ను పిలిచి, "అక్కా, దీన్ని నీ చేత్తో తిరగరాసియ్యి. నా రాత కచేరీలో బంట్రోతుకు గూడా తెలుసు" అన్నావు. చర్చి నుంచి వచ్చి రాస్తానన్నాను.

"నీ ప్రార్థన పోలీసులు లేకున్నా జరుగుతాది. మన బజారు జరగదు కదక్కా" అన్నావు.

నేను వచ్చేసరికి అర్జీ లేదు. నీ రాతతోనే టపాలో వేసేశావు. ఎందుకంత తొందర? నేనైనా ఒక్క గంట ఆగి ఉంటే...

పై అధికారికి పంపిన అర్జీ, విచారణ చేయమంటూ తిరిగి మన స్టేషనుకే వచ్చింది. అక్కడ నీ రాత తెలియనిదెవరికి? పదిహేను రోజులకు పట్టపగలు సంతలో నిన్ను పొడిచారు. సంత నిండా జనం. చూసింది మాత్రం నీ పక్కనున్న సుగుణ ఒక్కతేనట.

కొట్టంలో పనిచేసేవాడే పొడిచాడని ఆమె చెప్పింది. ఇన్‌స్పెక్టరు వాడిని పట్టుకున్నాడు. వారం తిరగకుండా ఆయనకు బదిలీ అయింది. వచ్చే సోమవారం కోర్టులో సుగుణ సాక్ష్యం.

ఈ పొద్దున కౌన్సిలరే వచ్చాడు. శానా మెత్తగా మాట్లాడాడు. పొడిచినవాడి ముఖం సరిగ్గా చూడలేదని సుగుణ చెబితే, నెలలోపల అవుట్‌పోస్టు మళ్ళీ పెట్టిస్తాడట. పోలీసులు ఎక్కడ నిలబడాలో ఆయన చేతిలో ఉందా, తమ్ముడూ? పోతూపోతూ నీ పిల్లలు ఏ దారిన బడికి పోతారో అడిగాడు. మేము చెప్పకముందే, తెలుసులే అన్నాడు.

సాయంత్రం ప్రార్థన చేసుకుని కూర్చున్నాం. నందికొట్కూరు నుంచి సుగుణ అన్న వచ్చాడు. సుగుణ నా ముఖం వంకే చూస్తోంది. పిల్లలను వాళ్ళ మామ తీసుకుపోయేటట్టు, సుగుణ కోర్టులో ముఖం చూడలేదని చెప్పేటట్టు నిర్ణయించాం.

ముందుగా ఆ మాట అన్నది నేనే.

దేవుని ఎదుట ప్రమాణం చేసి ఆమె చెప్పాలి కదా... ఆ అబద్ధం ఆమెది కాదు, నాదని ఆయనకు చెప్పుకున్నాను. సోమవారం ఆమె పక్కనే నిలబడతాను.

నీ పెద్దక్క