చౌరస్తాలో గంటలు

అల్ అజీజియా, శుక్రవారం రాత్రి

చెల్లి శ్రీమంతానికి హాస్పిటల్ వాళ్లు లీవు ఇవ్వలేదని ఇంట్లో చెప్పాను. ఇచ్చారు. ఈ దేశం దాటి వెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కూడా కొట్టారు. ఇంటికెళ్తే లీవంతా వంటింట్లోనే అయిపోతుంది, ఒక్కసారి నాకోసం వాడుకుంటే తప్పేంటని తోటి నర్సులతో ప్రాగ్ వెళ్లాను.

శ్రీమంతం రోజు అక్కడి పాత చౌరస్తాలో, పెద్ద గడియారం కింద నిలబడి ఐస్‌క్రీం తింటున్నాను. చెల్లి వీడియో కాల్ చేసింది. కట్ చేసి, కెమెరా లేకుండా మాట్లాడాను.

“యాడుండావక్కా, డ్యూటీనా? మొదటి గాజులు నీతోనే తొడిగించుకోవాలనుకుంటి. నీ వంతు రెండు తీసి పక్కన పెట్టినాలే.”

అంతలో పైన గంటలు మొదలయ్యాయి.

“ఏందక్కా ఆ గంటలు?”

“వార్డులో మిషన్ల మోతేలేవే,” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట!

ఆ చౌరస్తాలోనే చెల్లికోసం పూసల దండ కొన్నాను. డబ్బా మీద ఆ గడియారం బొమ్మే ఉంది. ఎలా ఇవ్వను?

తిరిగొచ్చాక ఈ సాయంత్రం ఫోన్ చేశాను. ఎలా ఉన్నావని అడుగుతుండగానే పక్క మసీదులో నమాజుకు పిలిచే బాంగు మొదలైంది. అది ముగిసేదాకా చెల్లి వింటూనే ఉంది. ఇన్నేళ్లుగా నా ఫోన్లలో తను వింటున్నది ఈ బాంగే. గంటలు ఏనాడూ లేవు.

“ఈపొద్దు బాంగు ఇనపడతాందే,” అంది. “ఆ గంటల వార్డులో డ్యూటీ అయిపోయిందా అక్కా?”

ఊఁ అన్నాను.