కనుమ దారి ఎవరు చెప్పారు

అక్టోబర్ 6

గ్రీసు. ఏథెన్స్‌కి బస్సు. బైబిల్లో పౌలు నడిచిన ఊళ్ళు చూపిస్తానని తెచ్చిన మా పాస్టరుగారు మధ్యలో ఒక యుద్ధభూమి దగ్గర ఆపించారు. థర్మోపిలే. "టీచరమ్మా, నీ సోషల్ పాఠం ఈడుండాది, దిగు!"

పాతికేళ్ళు బోర్డు మీద గీసిన కనుమ... ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. తీరా చూస్తే సముద్రం లేదు! ఎప్పుడో వెనక్కి పోయిందట. పత్తిచేలు, హైవే, లారీలు. అచ్చం మా ముద్దనూరు రోడ్డే. పిల్లలకు ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానన్నమాట.

ఈటె పట్టిన రాజు విగ్రహం. అందరూ ఫొటోలు. వేడినీళ్ళ ఊట, గంధకం కంపు. మా చర్చి గ్రేసక్క ముక్కు మూసుకుని కాళ్ళు మాత్రం పెట్టింది — "మోకాళ్ళకు శానా మంచిదంట, రా!"

గైడమ్మాయి చెప్తోంది. కొండ వెనక దారి ఉందని శత్రువుకు ఒకడు చెప్పాడట. రాజు, అతని మనుషులు అక్కడే చచ్చారు. ఆ ద్రోహి పేరు ఇప్పటికీ ఎవరూ పిల్లలకు పెట్టరట.

"వాడేనని ఎవరు చూశారు?" అడిగేశాను.

ఆ పిల్ల తడబడింది. అప్పట్లో వేరే పేర్లూ వినిపించాయట... చివరికి వీడిదే నిలిచిందట.

పోయి బస్సులో కూర్చున్నాను.

సాయంత్రం

ఇక్కడైనా రాయాలి.

మా ఆయన రత్నం మా ఊరి ఫ్యాక్షన్ నాయకుడికి, పెద్దాయనకు, జీపు తోలేవాడు. ఫ్యాక్షన్ ఇళ్ళలో ఒకటే కట్టుబాటు — మగవాడు ఏ దారిన పోయాడో ఆడది చెప్పకూడదు. "తెల్దు" అనాలి, అంతే. పెళ్ళైన మర్నాడే అత్తమ్మ నేర్పింది. ఆ రోజు కొళాయి దగ్గర ఎవరో "మీ ఆయన కనపళ్ళేదే?" అంటే, "పులివెందులకు పోయినాడు, ముద్దనూరు మీద" అనేశాను. నేనే. చదువుకున్నదాన్ని. మధ్యాహ్నానికి గుట్టల మధ్య అవతలి ఫ్యాక్షన్‌వాళ్ళ బాంబులు. పెద్దాయన వెనక బండిలో ఉన్నాడు, తిప్పుకుని వెళ్ళిపోయాడు. రత్నం పోయాడు.

నింద ఖాసిం మీద పడింది. రత్నానికి ప్రాణస్నేహితుడు. రోజూ అదే జీపులో పోయేవాడు, ఆ పొద్దు జ్వరమని దిగిపోయాడు. అదే సాక్ష్యం! వారంలో ఊరు విడిచి కువైట్ పోయాడు. తండ్రి మట్టికి కూడా రాలేదు. నేను నోరు మూసుకున్నాను — పద్దెనిమిదేళ్ళు.

పెద్దాయనా అవతలివాళ్ళూ ఇప్పుడు ఒకే పార్టీ, ఒకే కండువా. ఖాసిం మాత్రం ఇంకా ద్రోహే. సిగ్గేస్తోంది.

అక్టోబర్ 7

చర్చిలు, మెట్లు, ఎండ. ఏదీ బుర్రకెక్కలేదు.

అక్టోబర్ 11, జమ్మలమడుగు

అత్తమ్మకు చెప్పేశాను. కందులు చెరుగుతూ వింది. చేట దించింది. తిడుతుందనుకున్నా...

"నాకు తెల్సులే మేరీ. కొళాయికాడ నేనూ ఉంటి గదా. కొడుకు పాయ. నువ్వూ పోతే నాకెవురుండారని నోరు మూసుకుంటి."

"మరి ఖాసిం?"

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చాం. కోపమూ వచ్చింది, ఆమె మీదా, నా మీదా.

అక్టోబర్ 13, ప్రొద్దుటూరు

ఖాసిం తల్లి ఇల్లు. అత్తమ్మ తానూ వస్తానంది. నిజం చెప్పేయడానికే ఆటో ఎక్కాం.

"రత్నం పెండ్లామా నువ్వు? రాండి, రాండి." మంచం దులిపి కూర్చోబెట్టింది. మేం నోరు తెరిచేలోపే మా ఇద్దరి చేతులూ పట్టుకుంది.

"మా వోడు చేసినదానికి... మన్నించినారా తల్లీ?"

కన్నతల్లి కూడా నమ్మేసింది. అత్తమ్మ నా వైపు చూస్తోంది...