వెడల్పు గుమ్మాలు

వదినా,

నువ్వు వెళ్ళిపోయి ఏడు నెలలు కావస్తోంది. ఇక్కడ అంతా కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంటి సంగతి చెప్పాలి... నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

నువ్వు వెళ్ళేనాటికి గోడలు లేచి శ్లాబు పడింది. ఆ తరువాత చాలా రోజులు నేను అటు వెళ్ళలేదు. విజయనగరం చివర మన స్థలం వైపు ఆటో ఎక్కాలంటేనే భయం వేసేది. చివరికి అప్పన్న మేస్త్రే మన మేడమీది అద్దె ఇంటికి వచ్చి, కింద నిలబడి కేకేశాడు. "పంతులమ్మగారో! గోడల్లో ఏటేటి పెట్టాలో ఇప్పుడే సెప్పీయాల. ప్లాస్టింగు అయిపోనాక మరేటీ సెయ్యలేం."

ఏం పెట్టాలో చెప్పింది నువ్వే కదా...

అన్నయ్య పోయాక, పిల్లల్లేని నువ్వూ పెళ్ళి చేసుకోని నేనూ ఒకే పొయ్యి మీద వండుకుని బతికాం. నువ్వు మిషను కుట్టావు, నేను బడిలో పాఠాలు చెప్పాను. ఇల్లు కట్టుకుందామనుకున్నప్పుడు హాలు ఎంత, పూజగది ఎటు అని అందరూ అడుగుతుంటే, ముసలివాళ్ళమయ్యాక ఆ ఇంట్లో మనం ఎలా నడుస్తామో నువ్వు ఆలోచించావు. "ముసిల్తనం సెప్పి వస్తాదేటే గుంటా? అది వచ్చీలోపలే దానికి దారేసి ఉంచాల" అన్నావు.

ముందర మెట్లు వద్దు, వాలుగా ఉండాలన్నావు. చక్రాల కుర్చీ పట్టేటంత వెడల్పు గుమ్మాలు పెట్టించావు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు కావాలన్నావు. నీ గదికీ నా గదికీ మధ్య ఒక బెల్లు. "నువ్వు పడిపోతే నువ్వు నొక్కు, నాను పడిపోతే నాను నొక్కుతాను. ఇద్దరం ఒకేపాలి పడిపోతే ఆ దేవుడే నొక్కుతాడు." ఆ రోజు నవ్వలేక చచ్చాను.

ముసలితనం రానేలేదు వదినా. దానికంటే ముందే...

ఆ ఉదయం మిషను దగ్గరే పక్కకి ఒరిగిపోయావు. మూతి వంకరపోయింది. అంబులెన్సు వచ్చింది గానీ, స్ట్రెచరు మన మేడమెట్ల దగ్గర తిరగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నీ చీరతోనే నిన్ను దానికి కట్టి దింపారు. రెండో మలుపు దగ్గర కుర్చీ గోడకి ఇరుక్కుపోయింది. పనిచేస్తున్న చేత్తో నా మణికట్టు పట్టుకున్నావు. ఏదో చెప్పబోయావు. ఏం చెప్పాలనుకున్నావు వదినా? ఆ తరువాత నీకు మాట రాలేదు. ఆసుపత్రి నుంచి నువ్వు ఇంటికీ రాలేదు.

మెట్లు వెడల్పుగా ఉండుంటే బతికేదానివా? డాక్టరుని అడిగాను. ఆయన పక్క మంచం దగ్గరకు వెళ్ళిపోయాడు.

మేస్త్రి వచ్చి వెళ్ళాక, కోటబొమ్మాళి నుంచి మీ తమ్ముడు రమణ వచ్చాడు. నా మంచి కోరే వచ్చాడులే. ఒక్క మనిషికి ఈ వాలూ కమ్మీలూ ఎందుకన్నాడు. అందరిళ్ళలా మూడు మెట్లు కట్టించెయ్యమన్నాడు. పైన ఇంకో అంతస్తు వేసుకోవడానికి వీలుగా స్తంభాల ఊచలు అలాగే వదలమన్నాడు. రేపటి గురించి ఆలోచించాలి కదా అన్నాడు. అందరూ అదే మాట. రేపు... రేపు... నాకు ఆ పూట ఎలా గడపాలో తెలియడం లేదని ఎవరికి చెప్పను?

స్థలం దగ్గరకు వెళ్తే కరెంటు పనివాడూ రేపటి మాటే ఎత్తాడు. ఇప్పుడే గోడలోంచి బయటికి తీగల పైపు వేసుకుంటే, రేపు బేటరీ బండి కొన్నప్పుడు ఛార్జింగు కోసం గోడ పగలగొట్టక్కర్లేదట. "బేటరీ బండి కొని, నిన్ను ఎనకాల కూకోబెట్టుకోని భీమిలి ఎలిపోతాను. నువ్వు మాత్రం కళ్ళు మూసుకోకూడదు" అనేదానివి. పైపు వద్దన్నాను. బెల్లు తీగలు అప్పటికే గోడల్లో ఉన్నాయి, స్విచ్చు ఎక్కడ పెట్టమంటారన్నాడు. నేను బయటికి వచ్చేశాను. కాసేపు చూసి, రెండు గదుల్లోనూ స్విచ్చులు లేకుండా తెల్లటి ఖాళీ మూతలు బిగించి వెళ్ళిపోయాడు.

మేస్త్రితో కూడా అన్నాను... నాకేమీ వద్దు, మెట్లే కట్టెయ్యి, పూత పూసి తాళంచెవి ఇచ్చెయ్యి అని. గుమ్మాలు అప్పటికే నిలబెట్టేశారు కాబట్టి మిగిలాయి. వాటిని ఇరుకు చెయ్యమని చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ మరునాడు బడికి బయలుదేరి, మెట్ల రెండో మలుపు దగ్గర కూర్చుండిపోయాను. కుర్చీ రాసుకున్న గీత ఇంకా గోడ మీద ఉంది. దాని మీద వేళ్ళు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో... లేచాక బడికి వెళ్ళలేదు. స్థలం దగ్గరకు వెళ్ళాను.

అప్పన్న అప్పటికే ఒక మెట్టు కట్టేశాడు. తీసెయ్యమన్నాను. వాలుగానే చెయ్యి, కమ్మీలు బిగించేచోట గోడలో కాంక్రీటు నింపు అన్నాను. అతను గునపం అందుకున్నాడు. "ఆయమ్మ సెప్పినట్టే సేసీద్దాం తల్లీ" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. అందరి ముందే ఏడ్చాను.

ఆశ పుట్టి కాదు వదినా. ఆ ఇంట్లోంచి ఏ మనిషినీ అలా కుర్చీకి కట్టి దింపకూడదు, అంతే. ఆ మనిషి నేనే అవుతానో, నా తరువాత ఎవరుంటారో నాకు తెలియదు. పైఅంతస్తు ఊచలు మాత్రం కోయించేశాను. మళ్ళీ మేడ, మళ్ళీ మెట్లు... నా వల్ల కాదు. రమణకి కోపం వచ్చింది. రానీ.

నిన్న టైల్సు పని పూర్తయిందని కబురొస్తే ఒక్కదాన్నే వెళ్ళాను. స్నానాల గదిలో కమ్మీ పట్టుకుని బలమంతా వేసి లాగాను. కదల్లేదు. చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎంత గట్టిగా ఉంటే మాత్రం ఏం లాభం? తిరిగి పట్టుకోదు కదా...

గృహప్రవేశానికి పీటల మీద ఎవరు కూర్చుంటారని చుట్టాలు అడుగుతున్నారు. నువ్వుంటే, "పాలు పొంగించడానికి పక్కన మొగుడుండాలని ఏ పొయ్యి సెప్పినాదే?" అని వాళ్ళ నోళ్ళు మూయించేదానివి. నాకంత నోరు లేదు. ఎవరినీ పిలవను. ఒక్కదాన్నే వెళ్ళి పాలు పొంగిస్తాను.

సంతోషంగా ఉంటానని నీకు మాట ఇవ్వలేను. అబద్ధం నీ దగ్గర చెల్లదు. ఆ ఇంటికి తాళం వేసి వదిలెయ్యను. అందులోనే ఉంటాను. ఇవ్వగలిగిన మాట ఇదొక్కటే.

నీ సరోజ